జనవరిలో వెళ్తే కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో మంచు గ్యారంటీగా ఉంటుందా? మంచు పడకపోతే అక్కడివాళ్లకు అంత నష్టమా?

గ్యారంటీ లేదండి. నష్టం మాత్రం మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ.

2024 జనవరి రెండో వారంలో పిల్లలతో కలిసి హైదరాబాద్ నుంచి వెళ్లాం. గుల్మార్గ్ కొండ కింద ఉండే టంగ్‌మార్గ్‌లో అందరిలాగే కోట్లు, గమ్‌బూట్లు అద్దెకు తీసుకున్నాం. పైకెళ్లి చూస్తే మైదానమంతా గడ్డి ఎండిపోయి, కోతలైపోయిన మన పొలంలా ఉంది. సాయంత్రానికి ఆ బూట్లకు పట్టింది దుమ్మే.

ఒక పెద్దాయన చెక్క స్లెడ్జిని బోర్లించి దానిమీద కూర్చున్నారు. టూరిస్టులను ఎక్కించుకుని మంచు మీద తాడుతో లాగడం ఆయన పని. ఆ సీజన్‌లో ఒక్కరోజు కూడా తాడు పట్టలేదట. అరచేతులు చాపి చూపిస్తూ, "ఈపాటికి ఇవి కాయలు కాయాలి" అన్నారు హిందీలో. నాకు నోట మాట రాలేదు.

శ్రీనగర్‌లో మేం దిగిన ఇంటాయనకు ఆపిల్ తోట ఉంది. అసలు సంగతి ఆయన చెప్పారు. డిసెంబర్ 21 నుంచి 40 రోజులను వాళ్లు చిల్లై కలాన్ అంటారు. అప్పుడు పడ్డ మంచు చలికి గట్టిపడి కొండల మీద నిలిచిపోతుంది. ఎండాకాలమంతా మెల్లగా కరుగుతూ ఊటలకు, వాగులకు, జీలం నదికి నీళ్లిస్తుంది. అంటే వాళ్ల చెరువు కొండ మీద ఉంటుందన్నమాట. ఆలస్యంగా పడిన మంచు అంతకాలం నిలవదు, త్వరగా కరిగిపోతుంది. నాట్ల వేళకు కాలువలో నీళ్లు రాకపోతే ఎలా ఉంటుందో రైతు ఇళ్లలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆపిల్ చెట్టుకు చలికాలంలో చాలినంత చలి తగలాలి. పగళ్లు వెచ్చబడితే తొందరపడి పూతకొస్తుంది, ఆ తర్వాత చలి విరుచుకుపడితే పూత మాడిపోతుంది. ఆయన టెన్షనంతా అదే. నదిలో నీళ్లు తగ్గితే కరెంటూ తగ్గుతుంది, ఎండిన అడవికి నిప్పు త్వరగా అంటుకుంటుంది.

చలికాలంలో అక్కడికి మంచు, వాన తెచ్చేవి మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్సులు; అవి ఆ ఏడాది చాలాకాలం ముఖం చాటేశాయి. చివరికి జనవరి ఆఖర్లో మంచు పడిందని ఇంటాయనే ఫోన్ చేసి చెప్పారు. ఫిబ్రవరిలో మంచు మీద ఆడే ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ పోటీలు కూడా గుల్మార్గ్‌లో జరిగాయి.

కాబట్టి మంచు కోసమే అయితే ఫిబ్రవరిలో వెళ్లండి. జనవరికి బుక్ చేసుకుని ఉంటే, మంచు లేదని వార్తల్లో చూసి క్యాన్సిల్ చేయకండి. గుర్రం ఎక్కండి, గైడ్‌ను పెట్టుకోండి, బేరం మరీ గట్టిగా ఆడకండి. ఆ రెండు మూడు నెలల సంపాదన మీదే ఏడాదంతా నెట్టుకొచ్చే ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి.