ఖండన రాసే ముందు

మిత్రమా,

మీ వ్యాసం రెండుసార్లు చదివాను. టీకాపై సాగుతున్న దుష్ప్రచారాన్ని ఖండించాలన్న ఉద్దేశం మంచిదే కాని, మీరు ఆ వదంతినే శీర్షికగా పెట్టి చివర ఒక ప్రశ్నార్థకం తగిలించారు. శీర్షిక చూసి పేజీ తిప్పేసేవారి మనసులో మిగిలేది మీ ఖండన కాదు, ఆ వదంతే. ఒకే మాట పదేపదే చెవినబడితే అది నిజమనిపించసాగుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1977లోనే ప్రయోగంతో చూపించారు. కాబట్టి నిజంతో మొదలుపెట్టి, అబద్ధాన్ని ఒక్కసారి మాత్రమే ప్రస్తావించి, అది ఎక్కడ తప్పిందో విప్పి చెప్పి, మళ్లీ నిజం దగ్గరికే రండి.

అంతకన్నా ముందు, ఆ వదంతిని అసలు పట్టించుకోవాలా అన్నది తేల్చుకోవాలి. పదిమంది మధ్య తిరుగుతున్న మాటను ఖండించబోయి లక్షమందికి పరిచయం చేసిన సందర్భాలు మన వృత్తిలో తక్కువేమీ కాదు. ప్రాణం మీదికి తెచ్చే మాటకు మాత్రం ఈ సంకోచం పనికిరాదు. 2014లో ఉప్పునీళ్లు తాగితే ఎబోలా సోకదన్న ప్రచారాన్ని నమ్మి నైజీరియాలో మనుషులు చనిపోయారు. 2020లో మద్యం కరోనా నుంచి కాపాడుతుందన్న వదంతుల నడుమ ఇరాన్‌లో మిథనాల్ అనే విషపదార్థం కలిసిన సారా తాగి వందలమంది మరణించారు.

ఇక మీ వ్యాసంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది, వైద్యుని మాటకూ ప్రచారకుని మాటకూ మీరిచ్చిన సమాన స్థానం. 1998లో బ్రిటిష్ వైద్యుడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం 12 మంది పిల్లల వివరాలతో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన పరిశోధన పత్రం, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎం.ఎం.ఆర్. టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందేమోనన్న అనుమానం రేపినప్పుడు, బ్రిటన్‌లోని అనేక పత్రికలు, టీవీలు ఆ ఒక్క అనుమానాన్నీ, దాన్ని కాదన్న విస్తారమైన పరిశోధనలనూ ఒకే తూకంలో వేసి, వైద్యలోకం నిలువునా చీలిపోయిందన్న భ్రమ కల్పించాయి. టీకా వేయించేవారు తగ్గారు, తట్టు వ్యాధి మళ్లీ తలెత్తింది. అయితే ఆ పత్రం గుట్టు విప్పినవాడూ విలేకరే. బ్రయాన్ డీర్ 2004 నుంచి ఏళ్ల తరబడి తవ్వి, పత్రంలో రాసినదానికీ పిల్లల వైద్య రికార్డులకూ పొంతన లేదని బయటపెట్టాడు. లాన్సెట్ 2010లో దాన్ని ఉపసంహరించుకుంది. ఆధారంలేని మందు అమ్ముకునే ఒక మనిషికి ఇరుపక్షాల పేరిట సగం పేజీ ఇచ్చిన ఘనత నాకూ ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

శాస్త్రం చెప్పినదల్లా శిలాశాసనమన్నట్టు కూడా రాయవద్దు. కరోనా తొలినెలల్లో ఆరోగ్యవంతులందరికీ మాస్కు అవసరమని చెప్పని ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020 జూన్‌లో వ్యాధి విస్తృతంగా ఉన్నచోట్ల సామాన్యులూ గుడ్డ మాస్కు ధరించాలని సూచించింది. మొదటి సలహాను తిరుగులేని సత్యంగా ప్రకటించిన విలేకరులు ఆ తరువాత పాఠకులకు సంజాయిషీ చెప్పుకోలేకపోయారు. ఇప్పటివరకు తెలిసినది ఇదీ, తెలియనిది ఇదీ అని తేదీతో సహా రాసి ఉంటే, మార్పు పాఠకులకు మోసంగా కనిపించేది కాదు.

మూడో పేరాలో ‘నిపుణులు అంటున్నారు’ అని వదిలేశారు. వారెవరో, ఏ అధ్యయనాన్ని బట్టి అన్నారో చేర్చి, శీర్షిక మార్చి, గురువారంలోగా మళ్లీ పంపండి.

మీ శ్రేయోభిలాషి