కొత్త పనిముట్టు, పాత బొమ్మ

ప్రశ్న: పిల్లల కథలకు బొమ్మలు వేస్తుంటాను. ఫలానా యాప్ బాగుందని ఎవరన్నా సరే, ఆ రాత్రే దించుకుని కూర్చుంటాను. ఆరు నెలల్లో తొమ్మిదింటిని చూశాను. ఒక్కోదానితో రెండు మూడు రోజులు గడిపి ఇంకోదానికి పోతున్నాను. ఈ ఆరు నెలల్లో పూర్తయిన బొమ్మ ఒక్కటీ లేదు. నాకు ఏది పనికొస్తుందో తేల్చుకునే దారి చెప్పండి. – ఒక చిత్రకారిణి

జవాబు: ఆ తొమ్మిదింటినీ ఏ బొమ్మతో పరీక్షించారో మీరు రాయలేదు. ప్రతిసారీ ఓ కొత్త బొమ్మ మొదలుపెట్టి ఉంటారని నా అనుమానం. చిక్కు అక్కడే ఉందమ్మా. కొత్త బొమ్మంటేనే సగం తేలని వ్యవహారం. మెడ ఎటు వంచాలి, నీళ్లకు ఏ రంగు వేయాలి అన్నది మన మనసులోనే ఇంకా కుదురుకోదు. దానికి తోడు చెయ్యి తిరగని సాఫ్ట్‌వేర్. మధ్యలో చెయ్యి ఆగిపోతే అది బొమ్మ వల్ల ఆగిందో, యాప్ వల్ల ఆగిందో ఎలా తెలుస్తుంది? ఆ టెన్షన్‌లో తప్పంతా యాప్ మీదికి నెట్టేసి ఇంకోటి వెతుక్కుంటాం.

నా దగ్గర ఒక కొంగ ఉంది. నీటి ఒడ్డున ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. కింద దాని నీడ, పై మూలన తెలుగులో కథ పేరు. ఎప్పుడో పూర్తిచేసి అచ్చుకి కూడా ఇచ్చేసిన బొమ్మ. ఏ కొత్త సాఫ్ట్‌వేర్ చేతికొచ్చినా అందులో మళ్లీ ఆ కొంగనే వేస్తాను. ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు కాబట్టి, ఎదురయ్యే ప్రతి ఇబ్బందీ కచ్చితంగా పనిముట్టుదే.

ఆ కొంగ కాలు చూడండి. మోకాలి దగ్గర కాస్త లావు, అక్కణ్నుంచి కిందికి సన్నం, చివర వేళ్లుగా విడిపోవాలి. పెన్ను నొక్కేదాన్ని బట్టి గీత మారితే తప్ప ఆ కాలు రాదు. బ్రౌజర్‌లో నడిచే ఒక టూల్‌లో ఇది గీశాను. మొదట్లో హాయిగానే ఉంది. పన్నెండు లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక కాగితాల్లాంటి పొరలు) పడ్డాక గీత నా పెన్ను వెనకాల అరక్షణం ఆలస్యంగా రావడం మొదలైంది. గీత కోసం చెయ్యి ఆగి చూడటం అలవాటైతే ఇక ఆ కాల్లో జీవం ఉండదు. అదే కాలు క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఊపులో వచ్చింది. అందులో స్టెబిలైజర్ పెట్టుకుంటే చేతి వణుకు సర్దుకుంటుంది. కుడి క్లిక్ చేస్తే మనం ఎంచుకున్న బ్రష్‌లు పెన్ను మొన చుట్టూ వలయంలా వస్తాయి, కాబట్టి బ్రష్ మార్చడానికి తెర చివరిదాకా పోనక్కర్లేదు. మూడు గంటల పనిలో బ్రష్ ఎన్నిసార్లు మారుస్తామో మీకు తెలియంది కాదు. ఫొటోలు దిద్దే గింప్‌లో గీయడం నా చేతికి పడలేదు. కానీ పెన్సిల్ గీతల్ని స్కాన్ చేశాక కాగితం మసకను తెల్లగా చేయడానికి అందులోని కర్వ్స్ (వెలుగునీడలు సర్దే పనిముట్టు) నాకు బాగా అలవాటైపోయింది. అందుకని గీయడానికి ఒకటి, శుభ్రం చేయడానికి ఒకటి పెట్టుకున్నాను. అన్నీ ఒకదాంట్లోనే జరగాలన్న పట్టుదల వదిలేశాక నా పని తేలికైంది.

గీసేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకోండి. చెయ్యి ఆగిన ప్రతిసారీ దాని మీద ఒక అడ్డగీత గీయండి. మొదటి గంటలో గీతలు ఎక్కువే పడతాయి, కొత్త కాబట్టి వాటిని పట్టించుకోవద్దు. రెండో గంటలో తగ్గుతున్నాయా లేదా అన్నదే చూడండి. తగ్గకపోతే ఆ టూల్ ఎంత పేరున్నదైనా మీ చేతికి పడదు. రెండో రోజు బొమ్మను బయటికి తీయండి. లేయర్లతో సహా పీఎస్‌డీగా (ఫోటోషాప్ ఫైల్), ఆ తర్వాత పీఎన్‌జీగా (లేయర్లు కలిసిపోయిన మామూలు బొమ్మ ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ రెంటినీ మీరు ఇప్పటిదాకా వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. లేయర్లు విడివిడిగా వచ్చాయా? రంగులు అవేనా? ఇది చూడకుండా అసలు పని దాని మీద పెట్టొద్దు.

ఇంకొక్క మాట. చేతిలో ఉన్న కథకు బొమ్మలు పూర్తయ్యేదాకా పదోదాన్ని ముట్టుకోకండి. వాటిని మీకు బాగా వచ్చిన పాతదాంట్లోనే వేసేయండి. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ఆ పూర్తికాని బొమ్మలే.

ప్రశ్న: వెబ్‌సైట్‌లోనే పని చేసి అక్కడే దాచుకోవడం సుఖంగా ఉంది. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా నా పని నా ముందుంటుంది. కానీ వీటిని నమ్మొచ్చా? – పోస్టర్లు చేసే ఒక పాఠకుడు

జవాబు: పని చేయడానికి నమ్మండి. దాచడానికి నమ్మకండి.

ఇది నాకు జరిగిన నష్టం వల్ల చెబుతున్నాను. ఒకప్పుడు ఒక ఆన్‌లైన్ డ్రాయింగ్ టూల్‌లో ఏడాదిపాటు పని చేశాను. నలభైకి పైగా బొమ్మలు అందులోనే ఉండేవి. మూసేస్తున్నామని, నెల రోజుల్లో ఫైళ్లు దించుకోమని వాళ్లు మెయిల్ పంపారు. నేను అరుదుగా తెరిచే మెయిల్‌కి వచ్చింది అది. చూసేసరికి నాలుగు రోజులే మిగిలాయి. కూర్చుని అన్నీ దించుకున్నాను. కానీ అందులోంచి బయటికొచ్చేది పీఎన్‌జీ ఒక్కటే. లేయర్లన్నీ కలిసిపోయి అతుక్కున్న కాగితాల్లా వచ్చాయి. ఒక బొమ్మలో పాప గౌను రంగు మార్చమని తర్వాత అడిగారు. మార్చలేక నాలుగు రాత్రులు కూర్చుని మొత్తం మళ్లీ వేశాను. ఆ నాలుగు రాత్రులు నాకు ఇప్పటికీ గుర్తే.

పెద్దవి మూతపడవనీ అనుకోవద్దు. ఒకప్పుడు వెబ్‌లో యానిమేషన్ అంటే ఫ్లాష్. అడోబీ దానికి 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసింది. ఎందరో ఏళ్ల తరబడి చేసిన పని ఆ తర్వాత బ్రౌజర్లలో మామూలుగా తెరుచుకోలేదు. దీనికి పూర్తిగా ఎదురు కథ త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌ది. దాన్ని నడిపిన కంపెనీ 2002లో మూతపడింది. వాడేవాళ్లంతా ముందుకొచ్చి ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి కోడ్‌ను విడిపించారు. అదే ఏడాది అక్టోబర్‌లో అది ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండేది) అయింది. ఈ రోజు త్రీడీ నేర్చుకునేవాళ్లు డబ్బు కట్టకుండా మొదలుపెడుతున్నారంటే ఆనాడు వాళ్లు పడ్డ తపన వల్లే. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అందుకని కొత్త వెబ్ టూల్‌లో ఖాతా తెరిచిన రోజే చిన్న బొమ్మ ఒకటి వేసి, ఏయే ఫార్మాట్లలో బయటికిస్తుందో చూసుకోండి. పోస్టర్లంటున్నారు కాబట్టి ఎస్‌వీజీ ఇస్తే మేలు. అది ఏ ఒక్క కంపెనీదీ కాదు, అందరికీ తెరిచి ఉన్న ప్రమాణం. ఎంత పెద్దగా చేసినా గీత చెదరదు, ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ముక్కముక్కా మార్చుకోవచ్చు. ఫ్రీ ట్రయల్ అయితే, డబ్బు కట్టడం ఆపాక మీ పాత ఫైళ్లు తెరుచుకుంటాయో లేదో ముందే చదువుకోండి. వారానికోసారి ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఖాతా మాత్రం రోజూ చూసే మెయిల్‌తోనే తెరవండి.

ప్రశ్న: డిజైన్ టూల్ బాగా నచ్చింది. కానీ తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. నా ఫాంట్ తప్పా? – పుస్తకాల అట్టలు చేసే పాఠకురాలు

జవాబు: చాలాసార్లు ఫాంట్ తప్పు కాదు. ‘స్త్రీ’ అన్న మాట చూడండి. మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ దాచుకునేది ఆరు ముక్కలుగా: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. వీటిని కూర్చి ఒత్తుల్ని వాటి చోట్లలో పెట్టే పని సాఫ్ట్‌వేర్‌ది. అది చేతకాని టూల్‌లో పొల్లులు బయటపడి మాట విరిగిపోతుంది. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ అని మూడు మాటలు టైప్ చేసి చూడండి. ఈ మూడూ సరిగ్గా వస్తే చాలావరకు ధైర్యంగా వాడొచ్చు. ఎక్స్‌పోర్ట్ చేశాక కూడా చూడాలి. తెర మీద బాగుండి పీడీఎఫ్‌లో విరిగిన సందర్భాలు నాకున్నాయి.

పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి, సర్దుకుంటుంది. ఇంక్‌స్కేప్‌లో తెలుగు బాగానే కుదురుతుంది. అక్కడ అచ్చుకి పంపేముందు పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కితే అక్షరాలు గీతలుగా మారతాయి, ఇక అవతలివాళ్ల దగ్గర ఆ ఫాంట్ లేకపోయినా చెదరవు. కానీ ఆ తర్వాత అచ్చుతప్పు దిద్దలేరు. మార్చకముందు కాపీ ఒకటి వేరే పేరుతో సేవ్ చేయండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన మేటర్ అతికిస్తే గజిబిజి వస్తుందంటే కారణం వేరు. అవి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణం) కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టిన ఫాంట్లు. కన్వర్టర్‌లో యూనికోడ్‌కి మార్చి, ఒత్తుల దగ్గర కళ్లతో ఒకసారి చదువుకోవాల్సిందే.

ప్రశ్న: నాకు అరవై దాటాయి. మనవలకు కథలు చదివి రికార్డు చేసి పంపాలని కోరిక. ఈ వయసులో సాఫ్ట్‌వేర్ నేర్చుకోగలనా? – ఒక బామ్మ

జవాబు: తప్పకుండా నేర్చుకుంటారు బామ్మగారూ. గొంతు రికార్డు చేసి దిద్దుకునే అడాసిటీ దించుకోండి. ఉచితం, 2000 నుంచీ ఉంది. ఎర్ర చుక్క నొక్కితే రికార్డు, నల్ల చదరం నొక్కితే ఆగుతుంది. తప్పు చదివిన చోట రికార్డింగ్ ఆపకుండా, మీరు కాస్త ఆగి ఆ వాక్యం మళ్లీ చదవండి. తర్వాత తెర మీద అలల్లా కనిపించే గీతలో పాత వాక్యం ఉన్న చోటి మీద మౌస్‌తో గీసి డిలీట్ నొక్కితే పోతుంది. సేవ్ చేస్తే వచ్చే ఫైల్ అడాసిటీలోనే తెరుచుకుంటుంది. అది మీ దగ్గరే ఉంచుకుని, పిల్లలకు ఎంపీత్రీగా ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి.

ఎర్ర చుక్క నొక్కగానే చదవడం మొదలుపెట్టకండి. అయిదు సెకన్లు మాట్లాడకుండా కూర్చోండి. గదిలో ఫ్యాన్ రొద మాత్రమే అందులో పడుతుంది. తర్వాత ఆ అయిదు సెకన్లను ఎంచుకుని, ఎఫెక్ట్ మెనూలోని నాయిస్ రిడక్షన్‌లో గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కండి. ఇప్పుడు కథ మొత్తాన్ని ఎంచుకుని మళ్లీ నాయిస్ రిడక్షన్‌కి వెళ్లి ఓకే అనండి. ఆ రొద చాలావరకు తగ్గిపోతుంది, మీ గొంతు దగ్గరగా వినిపిస్తుంది.