అడ్వాన్స్ ఇచ్చి మూడేళ్లు, ఓనరు రిజిస్ట్రేషన్ చేయడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న: మాది మధురవాడ. ఇన్వెస్ట్‌మెంట్ అని మొదటిసారి ఆనందపురం దగ్గర 200 గజాల ప్లాటుకి 2023 మార్చి 12న 100 రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంట్ రాసుకున్నాను. ధర 48 లక్షలు. అడ్వాన్స్ 10 లక్షల్లో 6 బ్యాంకు ద్వారా, 4 క్యాష్‌గా ఇచ్చాను. మిగతాది సెప్టెంబరు 12లోగా కట్టాలి. లోను ఆలస్యమైంది. ఓనరు నాన్నగారి స్నేహితుడు, ‘కంగారు పడకు బాబూ’ అనేవాడు. ఇప్పుడు భోగాపురం ఎయిర్‌పోర్టు వల్ల రేటు పెరిగింది, ఫోన్ ఎత్తడు. గడువు పొడిగించినట్టు పాత తేదీతో కాగితం రాసుకుందాం, సంతకం నేను చూసుకుంటానంటున్నాడు బ్రోకరు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: ఆయన మీ నాన్నగారికి ఎంత దగ్గరో కోర్టుకి అక్కర్లేదు. అసలు సంగతి మీరు రెండు ముక్కల్లో దాటేశారు, ‘లోను ఆలస్యమైంది’ అని. రిజిస్ట్రేషన్ చేయించమని మీరు వేసే కేసు నిలిచేదీ కూలేదీ అక్కడే. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 16(సి) ప్రకారం మిగతా 38 లక్షలు కట్టడానికి మీరు మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నారని మీరే రుజువు చేసుకోవాలి. నోట్ల కట్టలు చూపించక్కర్లేదు గానీ కట్టగల స్తోమత కాగితాల్లో కనబడాలి: 2023 సెప్టెంబరు నాటి బ్యాంకు స్టేట్‌మెంట్, లోను శాంక్షన్ లెటర్, ఎఫ్‌డీలు, బావగారు సర్దుతానని చెప్పి ఉంటే ఆయన ఖాతా కూడా. బ్యాంకు లోను ఎందుకు ఆపింది? మీ జీతం చాలకా, లేఅవుట్‌కి వీఎంఆర్‌డీఏ (విశాఖ అభివృద్ధి సంస్థ) అప్రూవల్ లేకా? అప్రూవల్ తెచ్చే పూచీ ఓనరుదని అగ్రిమెంట్‌లో ఉండి, అది లేకే లోను ఆగితే తప్పు ఆయనది. జీతం చాలకపోతే మీది. బ్యాంకు ఇచ్చిన లెటరు వెతకండి.

ఇక దావా వేసే గడువు. అగ్రిమెంట్‌లో తేదీ ఉంది కాబట్టి లిమిటేషన్ చట్టం 54వ ఆర్టికల్ ప్రకారం ఆ తేదీ నుంచి మూడేళ్లు, అంటే 2026 సెప్టెంబరు 12. ఆ రోజు రెండో శనివారం, చివరి రోజు దాకా వేలాడకండి. ‘కంగారు పడకు బాబూ’ అన్నంత మాత్రాన గడువు పెరగదు. ఇన్నాళ్లూ ఒక్క నోటీసు కూడా ఇవ్వకుండా కూర్చున్నారంటే ఏమనాలి? ఆయన అలా అన్న వాట్సాప్ మెసేజులుంటే అవైనా చెరిపేయకండి, ఫోన్ మార్చకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ చట్టం స్థానంలో వచ్చింది) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి.

బ్రోకరు చెప్పిన పాత తేదీ కాగితం జోలికి వెళ్లొద్దు. ఓనరు నిజంగా ఒప్పుకుంటే ఇవాళ్టి తేదీతోనే సంతకం పెట్టొచ్చు కదా, పాత తేదీ ఎందుకు? స్టాంపు వెండరు రిజిస్టరు తీయిస్తే ఆ పేపరు ఏ రోజు అమ్ముడైందో తెలిసిపోతుంది. అప్పుడు ప్లాటు సంగతి తర్వాత, ముందు ఫోర్జరీ కేసులో బెయిలు వెతుక్కోవాలి.

అగ్రిమెంట్ రిజిస్టర్ కాలేదని బెంగ వద్దు. ఇలాంటి దావాలో దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 49 చెబుతోంది. స్టాంపు తక్కువైతే లోటు, పెనాల్టీ కట్టాల్సి వస్తుంది. ఆ 4 లక్షల క్యాష్ అగ్రిమెంట్‌లో రాసి ఉందా? లేకపోతే దాని మీద ఆశ తగ్గించుకోండి. ఉన్నా ఒక సంగతి: 2 లక్షలు, ఆపైన క్యాష్ ఇచ్చామని దావా వేస్తే ఆ విషయం ఆదాయపు పన్ను శాఖకి తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కోర్టులను ఆదేశించింది. ఆ డబ్బు ఎక్కడిదో చెప్పడానికి ముందే సిద్ధపడండి.

ఈ వారంలోనే లాయరు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 38 లక్షలు సిద్ధంగా ఉంటేనే ఉన్నాయని రాయించండి, లేకుండా రాయిస్తే కోర్టులో అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీరే ఇరుక్కుంటారు. దావాలో రిజిస్ట్రేషన్‌తో పాటు, అది కుదరకపోతే అడ్వాన్స్ వడ్డీతో ఇప్పించాలని కూడా అడగాలి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 22 ప్రకారం అడగనిది కోర్టు ఇవ్వదు. డబ్బు చూపించలేకపోతే ప్లాటు ఆశ వదిలి అడ్వాన్స్ కోసమే వెళ్లండి. తప్పు మీది కాదని తేలితే ఆ సొమ్ముకి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55(6)(బి) కింద ఆ ప్లాటు మీదే మీకు చార్జి (ప్లాటు నుంచే ఆ బాకీ రాబట్టుకునే హక్కు) ఉంటుంది, దాన్ని అమలు చేయించుకోడానికి 12 ఏళ్ల గడువు. నోటీసు వెళ్లేలోపే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ప్లాటు మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఇంకొకరికి రాసిచ్చేసి ఉంటే వాళ్లనీ దావాలో చేర్చాలి. రాయకపోతే దావాతో పాటే, అమ్మకుండా ఇంజంక్షన్ అడగాలి.