వ్యాధి లేని బిడ్డ, వ్యాధి లేకుండా పుట్టే బిడ్డ

సందేహం: ఒంగోలులో ఇంటర్ పిల్లలకు బయాలజీ ట్యూషన్ చెబుతాను. తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి మీద ఒక లెక్క ఇలా ఉంది: "తల్లిదండ్రులిద్దరూ తలసీమియా వాహకులు. వారికి వ్యాధి లేని బిడ్డ వాహకుడయ్యే అవకాశం ఎంత?" మా విద్యార్థి సగం అని రాశాడు. వెనక జవాబుల్లో మూడింట రెండు వంతులని ఉంది. "వారికి బిడ్డ వ్యాధి లేకుండా, వాహకుడిగా పుట్టే అవకాశం ఎంత?" అన్న మరో లెక్కకేమో సగమే జవాబు. 'లేని', 'లేకుండా' అన్న మాటల మధ్య అంత తేడా ఉందా? అలాగే, క్షయం అంటే నాశనం కదా, క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణవిభజనను 'క్షయకరణ విభజన' అనడం తప్పు కాదా?

సమాధానం: తేడా ఉంది. అది వ్యాకరణంలో మొదలై లెక్కలో తేలుతోంది.

ముందు లెక్క చూద్దాం. వాహకులంటే లోపమున్న జన్యువు ఒకటి ఉన్నా తమకు వ్యాధి లేనివారు. అలాంటి ఇద్దరికి పన్నెట్ చతురస్రం, అంటే తల్లిదండ్రుల జన్యువులు బిడ్డలో ఎలా కలుస్తాయో చూపే పటం గీస్తే నాలుగు గడులు వస్తాయి. ఒక గడిలో రెండూ మంచి జన్యువులే, రెండు గడుల్లో ఒకటి మంచిది ఒకటి లోపమున్నది, మిగిలిన గడిలో రెండూ లోపమున్నవే. ఆ చివరి గడి బిడ్డకే వ్యాధి, అంటే తలసీమియా మేజర్. 'వ్యాధి లేని బిడ్డ' అన్నప్పుడు 'లేని' అన్నది బిడ్డకు విశేషణం. అది ఆ నాలుగో గడిని ముందే కొట్టేస్తుంది. మిగిలిన మూడింటిలో రెండు వాహకులవి. అందుకే మూడింట రెండు. 'వ్యాధి లేకుండా పుట్టే' అన్నప్పుడు 'లేకుండా' అన్నది పుట్టడం అనే క్రియకు విశేషణం. బిడ్డ ఎవరైనా కావచ్చు, నాలుగు గడులూ లెక్కలోనే ఉంటాయి. వాటిలో రెండు, అంటే సగం.

మరి పిల్లవాడు ఎందుకు పొరబడ్డాడు? తప్పు పూర్తిగా అతనిదని నేను అనను. తెలుగులో విశేషణం రెండు పనులు చేస్తుంది. 'ఎర్ర చీర తియ్యి' అంటే బీరువాలో ఉన్న చీరల్లోంచి ఒకదాన్ని ఏరుతున్నాం. 'నల్లని కాకి' అంటే దేన్నీ ఏరడం లేదు, తెల్ల కాకులు పక్కన వేరే లేవు, వర్ణన మాత్రమే. 'వ్యాధి లేని బిడ్డ'లోని విశేషణాన్ని మీ విద్యార్థి కాకి విషయంలోలా వర్ణనగా చదివాడు. ప్రశ్న రాసినవారు చీర విషయంలోలా ఏరడానికి వాడారు. కథల్లో ఈ రెంటికీ తేడా లేకపోయినా నడుస్తుంది. మార్కులిచ్చే చోట నడవదు.

ఆ వాక్యంలో నాకు ఇంకో అభ్యంతరం కూడా ఉంది. 'వాహకుడయ్యే' అంటే మున్ముందు అవుతాడనే అర్థం వస్తుంది. పుట్టాక ఎవరూ వాహకులు అవరు, పుట్టుకతోనే అయి ఉంటారు. నేనైతే ఇలా రాస్తాను: "ఆ దంపతులకు పుట్టిన ఒక బిడ్డకు వ్యాధి లేదని పరీక్షలో తేలింది. ఆ బిడ్డ వాహకుడై ఉండే అవకాశం ఎంత?" వాక్యాలు రెండయినా అనుమానానికి తావుండదు.

తల్లి నుంచి కొడుకులకు వచ్చే, రక్తం త్వరగా గడ్డకట్టని వ్యాధి అయిన హీమోఫీలియా లెక్కల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. తల్లి వాహకురాలు, తండ్రికి వ్యాధి లేదు. "పుట్టే కొడుక్కి హీమోఫీలియా ఉండే అవకాశం ఎంత?" అంటే సగం, ఎందుకంటే కొడుకని ముందే చెప్పేశాం. "హీమోఫీలియా ఉన్న కొడుకు పుట్టే అవకాశం ఎంత?" అంటే నాలుగింట ఒకటి, ఎందుకంటే కొడుకు కావడం కూడా ఇంకా తేలాల్సిందే. రెండు ప్రశ్నల్లోనూ దాదాపు అవే మాటలు. 'పుట్టే' చోటు మారింది, జవాబు సగానికి పడిపోయింది. పిల్లలకు ఈ జంటను పక్కపక్కన రాసి చూపించండి.

మీరు అడగకపోయినా ఒక మాట. "నలుగురు పిల్లల్లో ఒకరికి వ్యాధి వస్తుంది" అనే వాక్యం గైడ్లలో తరచూ కనబడుతుంది. ఇది చదివి, మొదటి బిడ్డకు వ్యాధి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ టెన్షన్ లేదనుకునేవారున్నారు. నిజానికి ప్రతి కాన్పుకూ ఆ నాలుగింట ఒకటి మళ్లీ మొదటికి వస్తుంది. నలుగురు పిల్లలూ వ్యాధి లేకుండా పుట్టే అవకాశం 256లో 81, అంటే సుమారు 32 శాతం. బఠాణీ మొక్కలతో వంశపారంపర్యాన్ని పరిశీలించిన మెండెల్‌కు నిష్పత్తి 3:1కి అంత దగ్గరగా రావడానికి కారణం ఆయన లెక్కపెట్టిన గింజల సంఖ్య: మొత్తం 7,324 బఠాణీల్లో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. ఒక కుటుంబంలో అన్ని గింజలెక్కడివి? కాబట్టి 'నలుగురిలో ఒకరికి' అనకుండా 'ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం' అనాలి.

ఇక క్షయకరణం. తప్పేమీ లేదు. క్షయానికి నాశనం ఒక అర్థమైతే, తగ్గడం ఇంకో అర్థం. చంద్రుడి వృద్ధిక్షయాలు అన్నప్పుడు చంద్రుడు నాశనమవడు. ఈ విభజనకు ఇంగ్లీషు పేరైన మియోసిస్ అన్న గ్రీకు మాటకు అర్థం కూడా తగ్గడమే. కణవిభజనకు ఆ పేరు 1905లో వచ్చింది. 'తగ్గింపు విభజన' అని వివరించండి, బాగానే ఉంటుంది. పరీక్షలో మాత్రం పుస్తకంలోని మాటే రాయించండి.

ఆ పాఠంలో పేరుకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది 'రెట్టింపు' అనే మాట. విభజనకు ముందు డీఎన్ఏ రెట్టింపవుతుంది. దాన్ని 'క్రోమోజోములు రెట్టింపవుతాయి' అని రాస్తే, బఠాణీ కణంలోని 14 కాస్తా 28 అయ్యాయని పిల్లలు రాసేస్తారు. కావు. సెంట్రోమియర్‌ను, అంటే క్రోమోజోములోని రెండు నకళ్లు కలిసి ఉండే చోటును బట్టి లెక్కపెడితే అప్పటికీ 14 క్రోమోజోములే, ఒక్కోదానిలో రెండేసి క్రోమాటిడ్లు (ఆ నకళ్ల పేరే ఇది). మొదటి విభజన అయ్యాక ఒక్కో కణానికి 7 క్రోమోజోములు, 14 క్రోమాటిడ్లు. రెండో విభజనలో క్రోమాటిడ్లు విడిపోతాయి, సంఖ్య 7గానే ఉంటుంది. అందుచేత 'క్రోమోజోముల్లోని డీఎన్ఏ రెట్టింపయింది, క్రోమోజోముల సంఖ్య మారలేదు' అని రెండు ముక్కలూ కలిపే చెప్పాలి.

మీ విద్యార్థి ఏ దారిలో సగం తెచ్చాడో రాసి ఉంటే, కొంత మార్కు ఇవ్వవచ్చనే నా అభిప్రాయం.