పీఆర్ చదువుకు అమెరికా వస్తున్న పాలమూరు చెల్లెకు

జడ్చర్ల నుంచి ఒక చెల్లె అడిగింది: "అన్నా, పబ్లిక్ రిలేషన్స్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది. ఇంట్లో అందరూ కంప్యూటర్సే తీసుకోమంటున్నారు. నా యాస విని అక్కడ ఉద్యోగం ఇస్తారా?"

చెల్లె, యాస గురించి టెన్షన్ పెట్టుకోకు. ముందు వీసా సంగతి చూడు. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పని చేసుకోవడానికి విద్యార్థులకిచ్చే తాత్కాలిక అనుమతి) మీద 12 నెలలే పని చేసుకోవచ్చు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులవాళ్లకు మరో 24 నెలలు కలుస్తాయి, మామూలు పీఆర్ డిగ్రీకి సాధారణంగా అది రాదు. ఆ 12 నెలల్లో కూడా మొత్తం 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు. కాబట్టి లోన్ తీసుకోకముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి, నీ కోర్సు స్టెమ్ కిందికి వస్తుందో లేదో రాతలో తెప్పించుకో. కన్సల్టెన్సీవాళ్ల నోటిమాట చాలదు. పొలం కుదువబెట్టి పంపే అమ్మానాన్నలకు ఈ లెక్క ముందే చెప్పాలి.

వచ్చాక మొదటి సెమిస్టర్‌లోనే యూనివర్సిటీ కమ్యూనికేషన్స్ ఆఫీసులో పని అడుగు. తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా చేసుకోవచ్చు. పీఆర్ విద్యార్థుల సంఘం పీఆర్ఎస్ఎస్ఏ శాఖ మీ యూనివర్సిటీలో ఉంటే చేరు. ఏపీ స్టైల్‌బుక్ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ రాత నియమాల పుస్తకం) దగ్గర పెట్టుకో, ఇక్కడి పత్రికలు చాలావరకు ఆ పద్ధతిలోనే రాస్తాయి.

అసలు కష్టం రాతలో ఉంది. మన దగ్గర చాలా ప్రెస్ నోట్లలో ముఖ్య అతిథి, వేదిక మీది పెద్దల పేర్లతోనే సగం పేజీ నిండుతుంది. ఇక్కడ విలేకరి మొదటి రెండు వాక్యాలు చూస్తాడు. ఎవరికి ఏం మారిందో అందులో లేకపోతే పక్కన పెట్టేస్తాడు.

ఇది నేర్చుకోవడానికి మన జిల్లాల్లోనే గొప్ప ఉదాహరణ ఉంది. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని దశాబ్దాలుగా రిపోర్టులు వస్తూనే ఉండేవి. జల సాధన సమితి నాయకుడు దుశర్ల సత్యనారాయణ మాత్రం ఆ ఫ్లోరైడ్ తెచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్‌తో ఒళ్లు వంకర్లు తిరిగిన అంశల స్వామిని ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి బల్ల మీదే పడుకోబెట్టారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పే పీపీఎం లెక్కలు చేయలేని పని ఆ ఒక్క మనిషి ఉనికి చేసింది. అలాంటి మనిషి గురించి రాసేటప్పుడు అతని ఇష్టం అడగాలి, ఉన్నదాన్ని పెంచి చెప్పకూడదు. క్లయింట్ ఎంత ఒత్తిడి పెట్టినా ఈ రెండూ వదలకు. ఒక్కసారి అబద్ధం రాస్తే ఆ విలేకరి మళ్లీ నీ ఫోన్ ఎత్తడు.

విమానం ఎక్కేలోపు నారాయణపేట వెళ్లు. చీరలు నేసే ఒక ఇంట్లో కూర్చొని నూలు ధర, కూలి, అమ్మకం అన్నీ అడుగు. వాళ్లు సరేనంటే ఒక పేజీ తెలుగులో, ఒక పేజీ ఇంగ్లిష్‌లో రాయి. ఇంటర్వ్యూలో మార్కుల కన్నా ముందు "ఏం రాశావో చూపించు" అంటారు. రాశాక నాకూ పంపు, ఇంగ్లిష్ పేజీ నేను దిద్దిపెడతాను.