విల్లు వంపు సరిచేయడానికి ఏ పనిముట్టు?

ప్రశ్న: యాష్ కర్ర పలకతో ఆరడుగుల విల్లు చేస్తున్నాను. నారిని 28 అంగుళాలు లాగినప్పుడు లాగుడు బరువు 35 పౌండ్లు రావాలి. రూపు కోయడం అయిపోయింది. ఇక టిల్లరింగ్, అంటే పైభాగం, కిందిభాగం సమంగా వంగేలా చెక్కుకుంటూ రావడం మిగిలింది. స్పోక్‌షేవ్ (రెండు పిడుల చిన్న చిత్రిక), రాస్ప్ (ముతక పళ్ల ఆకురాయి), స్క్రేపర్ (అంచుతో గీకే ఉక్కు రేకు), వీటిలో ఏది కొనాలి? ఇంట్లో బెల్ట్ శాండర్ (ఇసుక కాగితం పట్టీ తిరిగే యంత్రం) ఉంది, అది సరిపోదా?
- ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఒక్కటే కొనాలంటే స్క్రేపర్ కొనండి. దానికి తోడు పది అంగుళాల హాఫ్ రౌండ్ (ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం) రాస్ప్ ఉంటే పని త్వరగా సాగుతుంది. ఎస్.పి. రోడ్డులోని హార్డ్‌వేర్ దుకాణాల్లో అడగండి. స్పోక్‌షేవ్ లేకపోయినా విల్లు ఆగదు.

ముందు ఒక లెక్క చూడండి. కర్ర బిగువు దాని మందం ఘనాన్ని (మందం × మందం × మందం) బట్టి మారుతుంది. 12 మిల్లీమీటర్ల మందంలో అర మిల్లీమీటరు తీస్తే బిగువు దాదాపు 12 శాతం తగ్గుతుంది. 40 పౌండ్ల విల్లు 35కి దిగిపోతుందన్నమాట. అందుకే ఒక్కో దశలో ఎంత కర్ర తీయాలో దాన్ని బట్టి పనిముట్టు మారాలి.

విల్లును నేలకు ఆనించి చేత్తో నొక్కితే కాస్త వంగేదాకా రాస్ప్ వాడండి. కర్ర పొర ఏ దిక్కుకు తిరిగినా అది లేపకుండా కోస్తుంది. స్పోక్‌షేవ్ వేగంగానే తీస్తుంది గానీ, పొరకు ఎదురుగా తోసినా, బ్లేడు మొద్దుబారినా అలలు అలలుగా గీతలు పడతాయి. తర్వాత స్క్రేపర్ ఆ అలల మీదే ఎగురుతూ పోయి వాటిని ఇంకా పెంచుతుంది. అలా అయితే స్క్రేపర్‌ను ఏటవాలుగా తిప్పి పట్టండి. శాండర్ ఈ మొదటి దశ వరకే. ఒక్కచోట క్షణం ఆగినా గుంట పడుతుంది, ఆ గుంట దగ్గరే విల్లు మడత పడుతుంది.

ఏ పనిముట్టయినా మీ వైపు ముఖం మీదే, అంటే విల్లు పొట్ట మీదే నడవాలి. బాణం పోయే దిక్కుకు తిరిగిన వీపు మీద అడ్డంగా ఒక్క గీత పడినా పీచు లేచేది అక్కడినుంచే. వీపు అంచులను మాత్రం గుండ్రంగా చేయండి.

తర్వాత విల్లును పిడి దగ్గర గోడకు బిగించిన దిమ్మ మీద పెట్టి, విల్లు కంటే కాస్త పొడవైన తాడు కట్టి, కింద కప్పీ మీదుగా లాగండి. తాడుకు సామాన్లు తూచే వేలాడే త్రాసు తగిలించండి. 35 పౌండ్లంటే సుమారు 16 కిలోలు. ముల్లు 16 దాటేలా ఎప్పుడూ లాగవద్దు, తాడు ఎంత తక్కువ దూరం వచ్చినా సరే. చాలా విల్లులు పాడయ్యేది ఈ ఒక్క నియమం తప్పడం వల్లే.

సమంగా వంగుతోందా లేదా అని కంటితో తేల్చడం కష్టం. 15 సెంటీమీటర్ల తిన్నని చెక్కముక్క మధ్యలో బెజ్జం వేసి పెన్సిల్ దూర్చండి. విల్లు వంగి ఉండగా ఎక్కువ వంగిన చోట పెన్సిల్ మొన కర్రకు వెంట్రుకవాసిలో ఆగేలా బిగించి, పొట్ట పొడవునా జరపండి. గీత పడిన చోటు బిగువుగా ఉంది, అక్కడే గీకాలి. గీత పడని చోట చేయి పెట్టవద్దు.

నారి ఎక్కించాక ఇక స్క్రేపర్ మాత్రమే. గీకిన ప్రతిసారీ ఇరవై ముప్పైసార్లు కొద్దికొద్దిగా లాగి వదిలాకే మళ్లీ చూడండి, మార్పు అప్పుడే బయటపడుతుంది. మంచి స్క్రేపర్ సన్నని పీలికలు తీస్తుంది. పొడి రాలుతుంటే అంచు పోయిందని అర్థం. ఆకురాయితో అంచును చదును చేసి, రాయి మీద నునుపు తేల్చి, గట్టి ఉక్కు కడ్డీతో నొక్కి అంచును మళ్లీ చిన్న కొక్కెంలా వంచాలి. పాత స్క్రూడ్రైవర్ కడ్డీ కూడా పనికొస్తుంది. రెండు మూడు పౌండ్లు ఎక్కువగా ఉన్నప్పుడే గీకడం ఆపండి, ఇసుక కాగితం మిగతాది తింటుంది.

ప్రశ్న: నారి విప్పాక కూడా నా విల్లు రెండు అంగుళాలు వంగే ఉంటోంది. పదునులేని స్క్రేపర్ వల్లా?
- మరో పాఠకుడు, చెన్నై

జవాబు: స్క్రేపర్ తప్పు కాదు. కర్రలో తేమ ఎక్కువుంది, లేదా అనుకున్న బరువు దాటి లాగారు. గాలిలో తేమ 75 శాతం ఉన్నచోట కర్ర 14 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. విల్లుకు కావలసింది 8 నుంచి 10. ఒక బల్బు వేడి తగిలే మూసిన చెక్కపెట్టెలో కర్రను ఉంచి, వారం వారం వంటింటి త్రాసులో తూచండి. బరువు తగ్గడం ఆగాకే చెక్కండి. ఇప్పటికే పడిన వంపు ఆరబెడితే పూర్తిగా పోదు. వచ్చే కర్రకు ఇది పాటించండి.