డెబ్బయ్యో నిమిషం తర్వాత ఏమవుతోంది?

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నా. కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కి కెప్టెన్ని, స్టాపర్ బ్యాక్ (గోల్ ముందు కాపు కాసే డిఫెండర్) ఆడతాను. ఈ సీజన్‌లో ఐదు మ్యాచ్‌లు ఆడితే ఒకటి గెలిచాం, ఒకటి డ్రా, మూడు ఓడిపోయాం. మాకు పడిన గోల్స్‌లో ఎక్కువ చివరి ఇరవై నిమిషాల్లోనే పడ్డాయి. వానలకు గ్రౌండ్ అంతా బురద. ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి, ఆఖరిది మమ్మల్ని 4-0తో కొట్టిన టీమ్‌తోనే. పిలకాయలు ప్రాక్టీస్‌కి రావడం మానేశారు. ఇంట్లో పరీక్షలు చూసుకోమంటున్నారు. వదిలేయమంటావా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దు తమ్ముడూ, వదిలేయొద్దు. డెబ్బై నిమిషాల దాకా నిలబడి ఆ తర్వాత గోల్స్ తింటున్నారంటే మీకు ఆట రాక కాదు, కాళ్లలో సత్తువ అయిపోతోంది. అందులోనూ మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, 2021 నవంబరు వరదల్లో తిరుపతి ఏమైందో నువ్వూ చూసే ఉంటావు. బురదలో పరిగెత్తితే మామూలు కంటే చాలా తొందరగా అలిసిపోతాం. నేలమీద చిన్న పాస్‌లు నీళ్లలో ఆగిపోతాయి, అవి అవతలివాళ్లకే దొరుకుతాయి. మీ గోల్ ముందు మాత్రం అసలు పాస్‌లు ఆడొద్దు, బంతిని లేపి లైన్ పక్కలకు కొట్టేయండి. సబ్‌స్టిట్యూట్లను గోల్ పడ్డాక కాదు, అరవయ్యో నిమిషానికే దించండి. ఎంతమందిని మార్చనిస్తారో పీడీ సార్‌ని ముందే అడుగు.

ప్రాక్టీస్‌కి అందరూ రావాలని కూర్చోకు. రూల్ ప్రకారం ఒక టీమ్‌లో ఏడుగురి కంటే తక్కువుంటేనే మ్యాచ్ ఆడనివ్వరు, కాబట్టి పొద్దున ఆరింటికి ఏడుగురొచ్చినా మొదలుపెట్టెయ్. మిగతావాళ్లకు వాట్సాప్‌లో మెసేజ్ పెడితే సరిపోదు, రూముకెళ్లి లేపాలి. కెప్టెన్ పని అదే మరి.

ఆ 4-0 టీమ్ సంగతి. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ రహీమ్ సాబ్ కోచ్‌గా ఉన్న ఇండియా మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఫైనల్లో మళ్లీ ఆ కొరియానే ఎదురైంది, 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు! జర్నైల్ సింగ్ కూడా నీలాగే డిఫెండర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే రహీమ్ సాబ్ ఆయన్ని ఫార్వర్డ్‌గా దించాడు, సెమీస్‌లోనూ ఫైనల్లోనూ గోల్ కొట్టాడు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఒకసారి మిమ్మల్ని ఓడించిన టీమ్ గురించి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ నాలుగు గోల్స్ ఎటువైపు నుంచి వచ్చాయో అందరూ కూర్చుని కాగితం మీద గీసుకోండి.

ఇంట్లో వాళ్ల మాట తీసిపారేయకు. మ్యాచ్ తేదీలు, పరీక్షల తేదీలు ఒకే కాగితం మీద రాసి నాన్నగారికి చూపించు. పొద్దున గంటన్నర గ్రౌండ్, సాయంత్రం పుస్తకం, ఆ మాట మీద నిలబడు. ఫైనలియర్ కదా, కాలేజీ జెర్సీలో నీకు మిగిలినవి ఆ రెండే.

అయ్యాక నాకు రాయి. స్కోరుతో పాటు డెబ్బయ్యో నిమిషం తర్వాత ఎన్ని పడ్డాయో కూడా.